మామయ్య పొట్టకు పీచు వైద్యం

నేను కోడలిగా వచ్చేనాటికి మా అత్తవారి ఊరు కూరెకుప్ప చుట్టుపక్కల ఇనుప గనుల జోరు మొదలైంది. సేద్యం చేసుకునే మామయ్య లారీలు కొన్నారు. ఇంట్లోకి సోఫాలు, డైనింగ్ టేబులు, ఒక వంటమనిషి వచ్చారు. జొన్నరొట్టె మాత్రం ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. పూటపూటా కంప్లి నుంచి తెప్పించిన తెల్లటి సన్నబియ్యం అన్నం, నడుమ పరోటాలు, బేకరీ పఫ్‌లు. దాంతో మామయ్య పొద్దున్నే పేపరు పట్టుకుని దొడ్లోకి వెళ్తే, సినిమా ప్రకటనలతో సహా చదివేసి, పని కాకుండానే తిరిగొచ్చేవారు.

పట్నంలోని బ్రూస్‌పేటలో డాక్టరుకు చూపిస్తే పీచు ఎక్కువగా తినమన్నాడు. ఓట్స్, ఆపిల్, పచ్చికూరల సలాడ్ అని చెప్పాడు. మామయ్య ఓట్స్ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె దూరంగా నెట్టేశారు.

"ఏందమ్మా ఇది! వాల్‌పోస్టర్లు అంటించే మైదా గంజి మాదిరి ఉండాది."

నేను హోంసైన్స్ చదివాను. ఆ చదువు వాడుకునే అవకాశం దొరికిందని లోపల ఎగిరి గంతేశాను. ఆయన ఎదురుగా కూర్చుని, "అది వదిలేయండి మామా. మీకేం ఇష్టమో చెప్పండి. ఏ పొద్దు ఆకలేస్తుంది? బయట ఉంటే ఏం తింటారు?" అని అడిగాను.

"డాక్టరు గూడా ఇది అడగల్యా," అని మామయ్య ఆశ్చర్యపోయారు. తర్వాత గొంతు తగ్గించారు. "నిజం చెప్పాల్నంటే, జొన్నరొట్టె, దాంట్లోకి గురెళ్ళ పొడి. కార్లో తిరిగేటోడు రొట్టె తింటే నగుతారని మానేసినా."

ఇంకేం కావాలి! పొద్దున రొట్టె, ఆకుకూర పప్పు, సాయంత్రం గని దగ్గర పఫ్‌కు బదులు జామకాయ అని ఆయనకు సరిపడేలా చెప్పాను. కొద్దికొద్దిగా పెంచాలని, నీళ్ళు బాగా తాగాలని కూడా చెప్పాను. రొట్టె పేరు విన్నాక ఆ చివరి మాటలు ఆయన చెవికెక్కలేదు. మర్నాడే రొట్టెల దొంతర, మొలకెత్తిన ఉలవలు, చిక్కుడుకాయ కూర, జామకాయలు అన్నీ ఒక్కరోజులో లాగించేశారు.

ఆ మర్నాడు ఖనిజం కొని మా లారీల్లో తోలించుకోవడానికి నెల్లూరు నుంచి ఒక పెద్దమనిషి ఇంటికొచ్చాడు. హాల్లో బేరం సాగుతోంది. ఉన్నట్టుండి మామయ్య పొట్టలోంచి నిండులారీ గుట్ట ఎక్కుతున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. పెద్దమనిషి కిటికీ వైపు చూసి, "బండేదో వచ్చినట్టుందే" అన్నాడు.

అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. వెనకాలే నేనూ. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం.

మామయ్య మాత్రం తొణకలేదు. "బండి కాదు సార్, నా కడుపు. మా కోడలు పీచు పెడ్తాండాది," అన్నారు.

పెద్దమనిషి బేరం ఆపేశాడు. నన్ను పిలిపించి, "అమ్మా, నాదీ అదే బాధ. కానీ రొట్టె నా గొంతు దిగదు. అన్నం లేందే బతకలేను," అన్నాడు.

"అన్నం మానొద్దు సార్. కొంచెం తగ్గించి, అందులోకి తోటకూర పప్పు, గోరుచిక్కుడు వేపుడు ఎక్కువ కలుపుకోండి. మెల్లగా పెంచండి," అని చెప్పాను. ఈసారి మామయ్య కూడా చెవులు రిక్కించి విన్నారు.

నీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని, తిండి నిదానంగా పెంచిన కొన్నాళ్ళకు, ఒక పొద్దున మామయ్య పేపరు మడత కూడా విప్పకుండా బయటికొచ్చారు. మొహం వెలిగిపోతోంది. వెంటనే సెల్‌ఫోన్ తీసి మా నాన్నకు చేశారు. "బావా, నీ కూతురు బంగారమప్పా! పొద్దున ఎంత సలీసుగా..." నేను సిగ్గుతో పెరట్లోకి పారిపోయాను.

అక్కడ అత్తయ్య రొట్టెలు తడుతోంది. వంటమనిషికి చేతకాదని తనే పీట ముందు కూర్చుంది. నా వైపు చూడకుండానే, "అందరి కడుపులూ అడుగుతాండావు. నాది అడగవా?" అంది.

"చెప్పత్తా, నీకేం ఇష్టం?"

అత్తయ్య చేతిలో పిండి అలాగే ఆగింది. "అనపగింజల కూర. మీ మామకి ఆ వాసన పడదని వండేది మానేసినా," అంది.

ఆ మధ్యాహ్నమే అనపకాయలు తెప్పించి ఇద్దరం ఒలిచాం. కూర ఉడుకుతుంటే మామయ్య గడప దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చారు. తిడతారనుకున్నాం.

"నాకు రవ్వంత ఎయ్యే, చూస్తా," అన్నారు.

అత్తయ్య గిన్నె తన వైపు లాక్కుని, "మొదట నేను తినాల," అంది.