దుమ్ము చూస్తే ఆగని వదిన

మా వదినకు దుమ్మంటే పగ. పరామర్శకు వెళ్లిన ఇంట్లో కూడా ఒక చేత్తో కళ్లు ఒత్తుకుంటూ, రెండో చేత్తో కిటికీ చువ్వలు తుడిచేస్తుంది. అందరూ సంచిలో దువ్వెన పెట్టుకుంటే ఆవిడ బ్రష్షు పెట్టుకుంటుంది. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకునే, పైన దీపానికి బూజు పట్టిందని వేలెత్తి చూపించింది. పాపం, ఆయన పన్ను వదిలేసి దీపం తుడుచుకున్నాడు. అందుకే ఆవిడకు దుమ్ము ఇన్‌స్పెక్టరని పేరు పెట్టాను. నాకు ఆవిడ పెట్టిన పేరు ప్లానింగు బాబు. ఎవరి పేరు ఎవరికి బాగా నప్పిందో మీరే చెప్పాలి.

ఇంటి వెనక రేకుల షెడ్డులో వదిన బ్రష్షులు చేయిస్తుంది. చెక్కకు బెజ్జాలు తొలిచి, పీచును కుచ్చులుగా మడిచి, ఇత్తడి తీగతో లోపలికి లాగి బిగించాలి. చెక్క కోసేది మా అన్నయ్య. మిషను మాట్లాడుతుంది గనక ఆయన మాట్లాడడు. తీగ లాగేది ఆరుగురు ఆడవాళ్లు. వాళ్లలో వయసు మళ్లినావిడను అందరం పెద్దమ్మ అంటాం. ఆవిడ బిగించిన కుచ్చును పళ్లతో లాగితే పళ్లే ఊడివస్తాయి.

ఇన్నాళ్లూ మా సరుకంతా ఒకే హోల్‌సేల్ షావుకారు కొనేవాడు. ఆయన కాస్తా ప్లాస్టిక్ బ్రష్షులకు మారిపోయాడు. ఇదే అదనుగా సందు చివరి బకెట్ల ఫ్యాక్టరీవాళ్లు ఆ ఆరుగురికీ కబురు పెట్టారు, ఒకటో తారీకు నుంచి పనిలోకి రమ్మని. రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటారట. “నువ్వా ఎగ్జిబిషన్‌కు వెళ్లిరా అమ్మాయ్, తర్వాత చూద్దాం” అంది పెద్దమ్మ. పరాయి దేశంలో జరిగే ఆ ఎగ్జిబిషన్‌లో ఒక్క ఆర్డరైనా దొరక్కపోతే షెడ్డుకు తాళం పడ్డట్టే.

ఎగ్జిబిషన్ ఆలోచన నాదే. ఓడల్లో వెళ్లే సరుకుకు కాగితాలు రాసే ఆఫీసులో గుమాస్తాను కదా, ఎగుమతుల సంగతి నాకు కొట్టిన పిండి అని నా నమ్మకం. అన్ని రకాల సరుకూ కలగాపులగంగా పెట్టే సంత వద్దని, ఇంటి సామాను ఒక్కటే పెట్టే ప్రదర్శన వెతికాను. అక్కడికి వచ్చే కొనుగోలుదారులకు ముందే ఉత్తరాలు రాశాను. ఓడ కిరాయితో సహా ధర ఎంతవుతుందో లెక్కకట్టి ఉంచాను. ఇక ప్రయాణమంతా వదినకు పాఠాలే.

“స్టాల్లో కుర్చీకి అతుక్కుపోకూడదు వదినా. అక్కడ తినకూడదు. వచ్చినవాళ్ల కార్డు తీసుకుని, ఏం అడిగారో అప్పుడే దాని వెనక రాసుకోవాలి.”

“అలాగే గానీ ప్లానింగు బాబూ, అక్కడ ఊడ్చేదెవరు?”

“వాళ్ల మనుషులు ఉంటారు. నువ్వు మాత్రం ముట్టుకోకు.”

తలూపింది. ఆ తలూపుడును నమ్మడమే నేను చేసిన బుద్ధితక్కువ పని.

మా స్టాలు హాలు చివర, మరుగుదొడ్ల దారి పక్కన. ఒకవైపు తివాచీల వ్యాపారి, ఇంకోవైపు గాజు దీపాలావిడ. ఎదురుగా కాపలావాడు. మేం తెచ్చిన శాంపిల్ బ్రష్షులన్నీ బల్ల మీద వరసగా పేర్చి, నా ఉత్తరానికి జవాబిచ్చిన ఒక పెద్దమనిషి మధ్యాహ్నం వస్తాడని వదినకు మరీ మరీ చెప్పి, కార్డులు పంచడానికి మిగతా హాళ్ల మీద పడ్డాను. ఆ పెద్దమనిషికి చాలా ఊళ్లలో దుకాణాలున్నాయి.

తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీ! ఒక్క పూటలో సరుకంతా అమ్మేసిందేమోనని క్షణం సేపు మురిసిపోయాను. తర్వాత చూద్దును కదా, గాజు దీపాలావిడ మా బ్రష్షుతో దీపాలు తుడుస్తోంది. కాపలావాడు మా బ్రష్షుతో బూట్లు మెరిపిస్తున్నాడు. వదిన తివాచీ మీద మోకాళ్లేసి, మిగిలిన ఒకే ఒక్క బ్రష్షుతో ఆ వ్యాపారి తాతల నాటి దుమ్మంతా దులుపుతోంది. ఆయన పక్కన నిలబడి దండం పెడుతున్నాడు, వద్దనో ఇంకా దులపమనో తెలియదు.

“వదినా! అమ్ముకోవడానికి వచ్చామా, ఊడ్చడానికి వచ్చామా?”

“చూస్తూ ఊరుకోలేకపోయానయ్యా. భాష రాదు, కాలూ చెయ్యీ ఆడలేదు. కాస్త తుడుద్దామనుకున్నా...” అంటూనే మళ్లీ తివాచీ దులపసాగింది. అంత భయపడుతోందని నాకు అప్పుడే తెలిసింది.

సరిగ్గా అప్పుడే ఆ పెద్దమనిషి వచ్చాడు. ఖాళీ బల్లను చూశాడు, నన్ను చూశాడు, వదిన చేతిలోని మట్టికొట్టుకుపోయిన బ్రష్షును చూశాడు. అది అడిగి తీసుకుని కుచ్చులు పట్టి లాగాడు. గోటితో పీకి చూశాడు. ఒక్క పోగు కూడా రాలేదు. ధర అడిగాడు, చెప్పాను. ఎన్నాళ్లలో పంపుతారన్నాడు, అదీ చెప్పాను. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. “ఇది నాతో తీసుకెళ్తాను, మా భాగస్వామికి చూపించాలి” అన్నాడు.

నేను ఆ మాట తెలుగులో చెప్పీ చెప్పకముందే వదిన ఆయన చేతిలోంచి బ్రష్షు లాగేసుకుంది!

“వాడిన మురికి వస్తువు పెద్దమనిషి చేతిలో పెడతామా? మన ఇంటి పరువేం కాను? కడుక్కొస్తా, ఉండమను.”

వెళ్లిపోయింది. నేను నవ్వుతూ నిలబడ్డాను. ఆయన గడియారం చూసుకున్నాడు. నేను ఇంకాస్త నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి గానీ వదిన రాలేదు. ఇంకోచోట మాట ఇచ్చానని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

వదిన తడి బ్రష్షుతో వచ్చి ఖాళీ చోటు చూసింది. “ఎటు వెళ్లాడు?” అంది. చూపించాను. కదిలే మెట్ల దగ్గరికి కూడా నన్ను తోడు రమ్మన్న మనిషి, ఆ జనంలోకి దూసుకుపోయింది. నేను వెనకాల పరిగెత్తాను.

ఆయన పక్క హాల్లో ప్లాస్టిక్ బ్రష్షుల స్టాలు ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో ఎర్రటి ప్లాస్టిక్ బ్రష్షు. వదిన ఆయాసపడుతూ వెళ్లి, నీళ్లు కారుతున్న మా బ్రష్షు ఆయన రెండో చేతిలో పెట్టింది. ఆయన తడిసిన పీచును బొటనవేలితో నొక్కాడు. చెక్క బీటలిచ్చిందేమోనని అంచులు తడిమాడు. నీళ్లలో నానినా ఏమీ చెదరలేదు. తర్వాత ఎర్ర బ్రష్షును మెల్లిగా బల్ల మీద పెట్టేశాడు.

ముందు కొద్ది సరుకు పంపమన్నాడు, నచ్చితే ఏడాది పొడుగునా కొంటానన్నాడు. కొద్ది అన్నాడే గానీ మా షెడ్డుకు అది నాలుగు నెలల పని. నా సంచిలో ఉన్న ఆర్డరు కాగితం మీద అక్కడే సంతకం పెట్టాడు, ప్లాస్టిక్ వాళ్ల పెన్నుతోనే. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వదిన నా ఫోను లాక్కుని అన్నయ్యకు చేసింది. షెడ్డులో ఫోను ఎత్తింది పెద్దమ్మ.

“పెద్దమ్మా! ఆర్డరొచ్చింది! ఎవరూ ఆ ఫ్యాక్టరీకి వెళ్లకండి!”

“మేమెక్కడికి వెళ్తామే? నువ్వు విమానం ఎక్కిన రోజే అందరం వెళ్లి, రామని చెప్పేసి వచ్చాం. వాళ్లు వేరేవాళ్లను పెట్టేసుకున్నారు కూడా.”

“అదేంటి పెద్దమ్మా! నాకు ఆర్డరు రాకపోతే ఏం చేసేవాళ్లు?”

“ఏమో. అది మాకు తోచలేదమ్మా.”

వదిన ఫోను నా చేతికిచ్చింది. పొద్దుటినుంచి ఒక్క క్షణం కూర్చోని మనిషి, జనం చెప్పులతో తొక్కే ఆ నేల మీదే చతికిలబడింది. కింద దుమ్ము ఉందో లేదో కూడా చూసుకోలేదు.