మొహమాటపడిన కాటా

కాటాల బావకి ఒకే ఒక్క జబ్బు. తూకం తప్పే కాటా కంటపడితే, దాన్ని సరిచేసేదాకా ఆయనకి గుక్కెడు నీళ్లు కూడా గొంతు దిగవు. మిగతా విషయాల్లో అందరిలాంటి మనిషే. భార్య మాట సగం వింటాడు, పేపరు చివరి పేజీ నుంచి చదువుతాడు, గొడుగు ఎక్కడో ఒకచోట మర్చిపోయి వస్తాడు. కాటా దగ్గరికి వచ్చేసరికి మాత్రం తపస్సులో కూర్చున్న మునిలా మారిపోతాడు.

కాటాలు బాగుచేయడమే ఆయన వృత్తి కదా, ఇందులో వింతేముందని అనిపించవచ్చు. పిలవని చోట కూడా బాగుచేయడమే వింత. పోస్టాఫీసుకి పార్శిలు పంపడానికి వెళ్లి, కౌంటరు మీది కాటా ముల్లు సున్నాకి వెంట్రుకవాసి ఇవతల ఆగిందని కనిపెట్టి, వెనక నిలబడ్డ వరుసనంతా ఆపేసి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. కూతురు పుట్టిన రోజున నర్సు పసిగుడ్డుని తూచి బరువు చెబితే, బంధువులంతా బొద్దుగా ఉందని మురిసిపోతుంటే ఈయనొక్కడే మొహం చిట్లించాడు. "ఈ కాటా కాస్త ఎక్కువ చూపిస్తోందమ్మా" అని, మర బిగించి, మళ్లీ తూయించి, బిడ్డ బరువు తగ్గించి రాయించాకే బిడ్డ మొహం చూశాడు. ఆయన భార్య ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. మర్చిపోలేనంత తప్పేం జరిగిందో ఆయనకీ ఇప్పటికీ అర్థం కాలేదు.

కిరాణా కొట్టతనికి చేసిన ఉపకారమైతే వీధి వీధంతా ఎరుగును. ఆ కొట్లో కాటా అందరికీ గుప్పెడు పప్పు ఎక్కువే తూచేది. బావ ఒకరోజు దాని ముందు నిలబడి, జాలిపడి, నలుగురూ చూస్తుండగానే సరిచేసి వచ్చాడు. మర్నాటి నుంచి ఇరుగుపొరుగు ఆయన్ని చూస్తే తలుపులు దగ్గరికి వేసుకోవడం మొదలుపెట్టారు.

ఇదంతా దగ్గరుండి చూస్తూ వచ్చినవాడు ఆయన బావమరిది, స్కూలు బస్సు డ్రైవరు. అక్క మొగుడి మీద అతనికి రకరకాల ఫిర్యాదులున్నా, ఒక్క విషయంలో మాత్రం గురి. మనిషన్నవాడు అబద్ధం ఆడొచ్చు. బావ చెయ్యి పడ్డ కాటా ఆడదు.

డ్రైవరుకి సిగరెట్లు మానడం కొత్త కాదు. రెండుసార్లు మానాడు, రెండుసార్లూ పొట్ట చేతిలో ఓడిపోయాడు. సిగరెట్ పట్టుకోవడానికి అలవాటుపడ్డ చెయ్యి ఖాళీగా ఉండనని మొరాయించేది. దానికి బిస్కెట్ అందిస్తే నోరు ఊరుకునేది, నోటికి బిస్కెట్ అందితే పొట్ట ఊరుకునేది కాదు. స్టీరింగు పొట్టకి ఆనేసరికి అతనికి ఎక్కడలేని రోషం వచ్చి, "ఈ బానతో బతికేకంటే పొగే నయం" అని మళ్లీ పెట్టె కొనేవాడు.

మూడోసారి మానమన్నది డాక్టరు. దగ్గు విని, ఎక్స్‌రే దీపానికి పెట్టి చూసి, రోగితో కాకుండా రోగి భార్యతో మాట్లాడాడు. ఈసారి మళ్లీ మొదలుపెడితే తన దగ్గరికి తీసుకురావద్దని, తను చేయగలిగేదేమీ ఉండదని నెమ్మదిగా చెప్పాడు. ఆవిడ ఆసుపత్రి మెట్ల మీదే భర్త జేబులోంచి పెట్టె తీసి, చెత్తడబ్బాలో వేసి, మూత కూడా పెట్టింది.

డ్రైవరు ఒప్పుకున్నాడు కానీ షరతు పెట్టాడు. బావ దగ్గర్నుంచి మనుషులు ఎక్కి తూచుకునే కాటా ఒకటి తెప్పించుకున్నాడు. ఎక్కి నిలబడ్డాడు. ముల్లు ఆగిన చోటికి కాస్త అవతలగా, భార్య గోళ్లరంగుతో అద్దం మీద ఎర్రటి గీత గీశాడు.

"ముల్లు ఈ గీత దాటిన రోజున పెట్టె కొంటాను. అప్పుడు నన్నెవరూ ఒక్క మాట అనడానికి లేదు."

భార్య బావ వైపు చూసింది. అన్నయ్యా, మీరైనా చెప్పండి అన్న చూపు అది. బావ వంగి ఆ గీతను చాలాసేపు పరీక్షించాడు.

"గీత వంకరగా ఉంది" అన్నాడు.

తర్వాత జరగాల్సిందే జరిగింది. బస్సు డాష్‌బోర్డు మీద పిప్పరమెంట్ల డబ్బా వెలిసింది, సీటు పక్కన బిస్కెట్ పొట్లం, చొక్కా జేబులో వేరుశెనగలు. ముల్లు రోజురోజుకీ గీత వైపు వినయంగా జరుగుతూ వచ్చింది. ఒక ఆదివారం బావ వచ్చేసరికి ముల్లుకీ గీతకీ మధ్య చీమ దూరే సందు మిగిలింది. బావ కళ్లజోడు సవరించుకున్నాడు.

"దీనికి సర్వీసింగు అవసరం" అని ప్రకటించి, కాటాను చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్లాడు.

అది మొదలు ప్రతి ఆదివారం సర్వీసింగే. ఇంట్లో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. జబ్బు ముదిరిందనుకున్నారు. పైగా ఆయన కాటా పేరు చెప్పి ఆ ఇంటిమీద శాసనాలు జారీ చేయడం మొదలుపెట్టాడు. బిస్కెట్ పొడి స్ప్రింగులో పడితే కాటా చచ్చిపోతుంది కాబట్టి ఇంట్లో బిస్కెట్లు ఉండకూడదు. నమలక తప్పకపోతే పొడి రాలనిది నమలాలి, అంటే క్యారెట్టు. నడక అలవాటు లేని మనిషి ఒక కాలి మీదే బరువు మోపుతాడు, దానివల్ల స్ప్రింగు ఒక పక్కే అరుగుతుంది, కాబట్టి కాటా ఎక్కబోయే ముందు వీధి చివరిదాకా నడిచి రావాలి. కొన్నాళ్లకి వీధి చివర చాలదన్నాడు. నీళ్ల ట్యాంకు దాకా వెళ్లి రమ్మన్నాడు. ఆ తర్వాత రైలు గేటు. డ్రైవరు నడిచొచ్చేదాకా తను మాత్రం అరుగు మీద కూర్చుని, డ్రైవరు భార్య ఇచ్చిన టీ తాగుతూ, వీధిలో వచ్చేపోయేవాళ్ల బరువులు కంటితో అంచనా కట్టేవాడు.

తన ఒంటి కోసం అయితే డ్రైవరు గుమ్మం దాటేవాడు కాదు. కాటా కోసమని నడిచాడు. పెదాల మధ్య క్యారెట్టు ముక్క పెట్టుకుని బస్సు నడిపాడు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు అలవాటు కొద్దీ చెయ్యి కిటికీ బయటపెట్టి క్యారెట్టు నుసి రాల్చేవాడు. పక్కన ఆగిన ఆటోవాళ్లు ఈ వ్రతం ఏమిటో తెలియక కాస్త భక్తిగా చూసేవారు.

ఆశ్చర్యం ఏమిటంటే, ముల్లు గీతకి ఇవతలే నిలిచిపోయింది. చొక్కా గుండీలు తెగి ఎగిరిపోతున్నాయి, ప్యాంటు పైకి ఎక్కనంటోంది, స్టీరింగు మళ్లీ పొట్టని పలకరిస్తోంది, ముల్లు మాత్రం కదలదు. డ్రైవరు సాక్ష్యాలన్నిటినీ బేరీజు వేసి తీర్పిచ్చాడు. బట్టలు కుదించుకుపోవడానికి కారణం భార్య వేడినీళ్లలో ఉతకడం. స్టీరింగు దగ్గరికి రావడానికి కారణం సీటు ముందుకు జరగడం. బస్సు మెకానిక్కుని పిలిచి చూపించాడు కూడా. మెకానిక్కు సీటు వంకా, సీటు మీదున్న మనిషి వంకా మార్చి మార్చి చూసి, సీటు కింది పట్టాలకి నూనె రాసి వెళ్లిపోయాడు.

"అద్దంలో ఒకసారి చూసుకోకూడదూ?" అంది భార్య.

"అద్దానికి సర్వీసింగు ఎవరు చేస్తున్నారు?" అన్నాడతను.

నడక రైలు గేటు దాకా పెరిగాక కథ తిరగబడింది. ప్యాంట్లు వదులైపోయాయి. భార్య కొత్తగా కొన్న సబ్బుకి బట్ట సాగుతోందని తేల్చాడు. ముల్లు మాత్రం అక్కడే, అదే గీత పక్కనే, కాపలావాడిలా నిలబడి ఉంది. ఒక ఆదివారం అతనికి విసుగొచ్చింది.

"ఇంత నడుస్తున్నా ఒక్క గీటు తగ్గదేంటి బావా?"

"పెరగలేదుగా" అని బావ కాటాతో సహా పెరట్లోకి మాయమయ్యాడు.

ఈ లోపల ఆ ఇంట్లో ఇంకో చరిత్ర నడుస్తోంది. కాటా ఇంట్లో ఉంది కదా అని డ్రైవరు భార్య కూడా అప్పుడప్పుడూ ఎక్కేది. మొదట్లో ఎక్కిన ప్రతిసారీ తగ్గింది. డాబా మెట్లు ఎక్కి దిగడమే తన రహస్యమని పక్కింటివాళ్లకి సలహాలు కూడా ఇచ్చింది. కొన్నాళ్లకి పెరగడం మొదలైంది. మెట్లు ఇంకా ఎక్కింది, ఇంకా పెరిగింది. రాత్రి భోజనం మానేసింది. అయినా పెరిగింది.

అది బయటపడింది ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర. అక్కా బావా ఇద్దరూ వచ్చారు. అందరికీ వడ్డించి, ఆవిడ మాత్రం గ్లాసుడు మజ్జిగ పట్టుకుని పక్కన కూర్చుంది. ఏమైందే అని అక్క అడిగింది.

"ఏం తినకపోయినా ఒళ్లొస్తోంది వదినా. లోపలేదో పెద్ద జబ్బే ఉండుంటుంది. రేపు వెళ్లి పరీక్షలు చేయించుకుంటాను."

బావ చేతిలోని ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. మళ్లీ కంచంలోకి దిగింది.

"తిను చెల్లెమ్మా. నీకే జబ్బూ లేదు. కాటా అబద్ధం చెప్పింది."

అక్క చేతిలో గరిటె గిన్నెలో పడింది. పెళ్లయిన నాటి నుంచీ ఆయన నోట ఎన్నో విన్నది కానీ, తన చేతి కాటా గురించి ఆ మాట వినడం అదే మొదలు.

"ఏ కాటా?" అన్నాడు డ్రైవరు.

"ఇంట్లో ఉన్నదే."

"ప్రతి ఆదివారం నువ్వు సర్వీసు చేసే కాటాయా?"

"సర్వీసు చేయబట్టే చెప్పింది."

బావ తలెత్తకుండా అంతా వివరించాడు. సున్నా జరిపితే ఎవరికైనా తెలిసిపోతుంది, అందుకని స్ప్రింగు బిగించాడు. ఖాళీగా ఉన్నప్పుడు కాటా సున్నాయే చూపిస్తుంది. మనిషి ఎక్కితే మాత్రం మొహమాటపడి కాస్త తగ్గించి చెబుతుంది. డ్రైవరు లావెక్కిన కొద్దీ బిగిస్తూ వచ్చాడు. నడిచి తగ్గిన కొద్దీ, తగ్గినంత మేరా వదులు చేస్తూ వచ్చాడు. కిందటి ఆదివారంతో ఆ బిగింపంతా తీసేశాడు.

"ఇప్పుడది నిజమే చెబుతోంది. నీ బరువు మొదట్లో ఎంతో ఇప్పుడూ అంతేనమ్మా. వీడొక్కడి కోసం తిప్పాను. ఇల్లన్నాక ఇంకొకళ్లు కూడా ఎక్కుతారని నాకు తట్టలేదు."

ఊరందరి తూకాలూ సరిచేసినవాడికి అంత చిన్న సంగతి తట్టకపోవడం ఆయన్నే ఎక్కువ బాధించినట్టుంది. డ్రైవరు భార్య మజ్జిగ గ్లాసు పక్కనపెట్టి, కంచం తెచ్చుకుని, కాస్త ఎక్కువే వడ్డించుకుంది.

డ్రైవరు మాత్రం లేచి నిలబడ్డాడు.

"అంటే నేను గీత దాటానా?"

బావ కంచంలోని ముద్దని మళ్లీ కలపసాగాడు. అబద్ధం నోటితో ఆడటం ఆయనకి రాదు. స్ప్రింగులతో మాత్రమే వచ్చు.

"దాటానా లేదా బావా?"

"దాటావు."

"ఎంత?"

"చాలా దూరం వెళ్లొచ్చావు."

డ్రైవరు చూపు గుమ్మం దగ్గరున్న చెప్పుల మీద పడింది. అందరి చూపూ అక్కడే పడింది. వీధి చివర కొట్టు తెరిచే ఉంటుంది. భార్య నోట్లో ముద్ద నమలడం మానేసింది. షరతు షరతే. ముల్లు దాటింది, ఎవరూ ఒక్క మాట అనడానికి లేదు.

అతను కదల్లేదు. ఏదో పెద్ద లెక్క తలకెక్కించుకుంటున్నవాడిలా మొహం పెట్టాడు. ఆ గీత దాటితే బతకలేననుకున్నాడు. దాటాడు. ఆ పొట్టతోనే బస్సు నడిపాడు, నిద్రపోయాడు, పిల్లల్ని బడికి చేర్చాడు. తను కాపలా కాస్తున్న సరిహద్దు అవతలికి తనే వెళ్లి, తిరిగి, క్షేమంగా ఇల్లు చేరాడు. ఆ సంగతి తనకొక్కడికే తెలియలేదు.

"మరి అన్నాళ్లూ నాకు సిగరెట్ లేకుండానే గడిచిపోయిందన్నమాట" అన్నాడు నెమ్మదిగా.

"ఆ సంగతి కాటా చెప్పదు" అన్నాడు బావ.

డ్రైవరు కూర్చున్నాడు. కంచం ముందుకి లాక్కున్నాడు. అతని మొహంలో కోపం కోసం వెతికినవాళ్లకి అది దొరకలేదు కానీ, మోసపోయిన మనిషికి ఉండవలసిన గాంభీర్యాన్ని అతను కాసేపు నిలబెట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారం పొద్దున్నే రా" అన్నాడు చివరికి.

"ఇంక సర్వీసు అక్కర్లేదుగా."

"సర్వీసుకి కాదు. నాతో నడవడానికి."

బావ అభ్యంతరం చెప్పేలోగా అక్క అందుకుంది. "తీసుకెళ్లరా తమ్ముడూ. నిన్ను తిప్పుతానని ఆయన మీ అరుగు మీద కూర్చుని కూర్చుని ఒళ్లు చేశారు." అలాగని ఏ కాటా చెప్పిందని బావ అడిగాడు. ముగ్గురూ ఆయన పొట్ట వైపు చూశారు.

తర్వాతి ఆదివారం ఇద్దరూ బయల్దేరారు. సగం దూరం వెళ్లేసరికి బావ ఆగిపోయాడు. నడుం మీద చెయ్యి వేసుకుని, ఎగశ్వాస దాచుకుంటూ, ముందున్న రోడ్డుని చెడిపోయిన కాటాని చూసినట్టు చూశాడు.

"ఈ రోడ్డు వాటం సరిగా లేదు. ఎత్తు పెరిగింది. వేసినవాడు మట్టం చూసుకోలేదు."

డ్రైవరు రోజూ బస్సు నడిపే రోడ్డు అది. అరచెయ్యంత చదునుగా ఉంటుంది.

"అవును బావా, బాగా ఎత్తు" అన్నాడతను. తనకీ కాళ్లు లాగుతున్నాయని చెప్పి, నడక నెమ్మది చేశాడు.