పెద్దసారును చంద్రుణ్ణి చేయబోతే

పొద్దున్నుంచి స్టాఫ్‌రూమ్ పక్కకు పోలేకుండా ఉండానప్పా! మొన్న శనివారం ఏమి చేస్తినో టీ తాగుతా వినండి.

నేను డ్రిల్ మాస్టర్ని గదా. మా తెలుగు టీచర్ ఏదన్నా పెద్ద మాట వాడితే నోరు తెరుచుకొని చూసేవాణ్ణి. "అర్థం కాలేదా సార్?" అని ఒకరోజు నవ్వినాది. రోషం వచ్చె! బడి బీరువాలోంచి ఒక పాత కావ్యం, ఒక లావు నిఘంటువు తెచ్చుకొంటి. మూడు నెల్లు! పొద్దున విజిల్, సాయంత్రం నిఘంటువు. నిజం చెప్తాండా, ఒళ్ళు జలదరించేది. ఒక్క సముద్రానికే ఎన్ని పేర్లప్పా!

అట్ల దొరికింది ‘దోషాకరుడు’. అర్థం చంద్రుడు. అబ్బ, ఏమి మాట! కింద ఇంకేదో అర్థం గూడా ఉండాది. చంద్రుడు చాల్లే అని పేజీ తిప్పేస్తి.

శనివారం మా హెడ్మాస్టర్ ఓబులేసు సార్ రిటైర్మెంట్ సభ. లెక్కల సారు, శానా మంచి మనిషి. ఊరంతా వచ్చె. మైకు నా చేతికిచ్చిరి.

"మన సార్ ఎవరనుకుంటాండారు? సాక్షాత్తు దోషాకరుడు!"

చప్పట్లే చప్పట్లు! తెలుగు టీచర్ మొగం మాత్రం పాలిపాయ. కుళ్ళు అనుకొంటి. ఇంకో రెండుసార్లు గట్టిగా అంటి.

ముందు వరసలో సారు వాళ్ళమ్మ, ఎనభై దాటిన సుబ్బమ్మవ్వ, కర్ర పట్టుకొని లేసె.

"ఏమప్పా, నా కొడుకును తప్పుల గని అంటాండావే? వాడేం చేసినాడు నీకు?"

మైకులోనే అనేస్తి.

"లేదవ్వా! చంద్రుడని..."

అవ్వ నన్నే చూసి ఫక్కున నవ్వె. "దోషా అంటే రాత్రి. రాత్రిని చేసేవాడు చంద్రుడు. అదే దోషం, ఆకరం అని విడగొడితే తప్పులకు గని. యాడ విరవాలో తెలుసుకోవల్ల నాయనా."

అని, ఆ మాట రెండర్థాల్లోనూ వచ్చే పద్యమొకటి రాగం తీసి పాడె! గొంతు వణుకుతాంది, ఒక్క అక్షరం తప్పలే. చప్పట్లు కొట్టేది గూడా మరిచిపోతిమి.

తర్వాత తెలిసె, అవ్వ బడి మొగమే చూడలేదంట. ఇప్పటికీ వేలిముద్రే. వాళ్ళ నాయన బయట పురాణం చదువుతాంటే, లోపల జొన్నలు విసురుతా విని పట్టుకొనిందంట. నేనేమో నిఘంటువు ముందర పెట్టుకొని గూడా...

ఆ పొద్దు సభలో, అవ్వ కూర్చున్నాక, సార్ మైకు తీసుకొని, "నా తప్పులు లెక్కపెట్టేదానికి మా అమ్మ చాలు, డ్రిల్ మాస్టర్ గూడా ఎందుకు?" అనె. అప్పుడు నవ్విరి చూడండి జనం!

నిన్న ఆ పాత కావ్యం చంకన పెట్టుకొని అవ్వ ఇంటికి పోతి. "చదువు" అనె. చదివితి. "ఆడ ఆగద్దు." మళ్ళీ చదివితి. "ఈడ విరవద్దు." మళ్ళీ!

మధ్యాన్నం ఇంటికొస్తే మా ఇంటామె అడిగె, "ఎన్ని పేజీలైనాయి?"

"ఒక పద్యం."

"మొత్తమా?"

"మొదటి పాదం... దాంట్లో గూడా సగమేలే!"