డ్వేన్ కింకేడ్ అక్టోబరు ప్రయాణం

అరిజోనాలో మా మీసా ఊళ్ళో బడిపిల్లలకు ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే డ్వేన్ కింకేడ్‌కి నిచ్చెన దిగే తీరిక ఉండదు. అతను ఏసీలు బాగుచేస్తాడు. మా వైపు చాలా ఇళ్ళకు ఏసీ కప్పు మీదే ఉంటుంది. అది ఆగిపోయిందంటే కిటికీలు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. డ్వేన్‌కి ఫోన్ చేయడమొక్కటే మిగులుతుంది. ఏళ్ళ తరబడి ఊరంతా అదే చేస్తోంది. మిగతా తండ్రులు జూన్‌లో పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్తుంటే, డ్వేన్ ఎవరింటి కప్పు మీదో మోకాళ్ళ కింద మడతపెట్టిన తువ్వాలు వేసుకుని, చెమటలు కక్కుతూ ఉంటాడు. మంచివాడు. ఎవరికీ కాదని చెప్పలేడు. అలా చెప్పలేకపోవడమే మంచితనమని చాలాకాలం అనుకున్నాడు కూడా. ఇంట్లోవాళ్ళకు మాత్రం అలా అనిపించలేదు.

అతనికి మిగిలేదల్లా అక్టోబరులో బడులకిచ్చే వారం సెలవు. ఆ వారంలో ట్రక్కు వేసుకుని యూటా వెళ్ళాలి, ఎడారి పార్కులన్నీ వరసగా చూసుకుంటూ చివరికి ఎర్రటి రాతి తోరణాలుండే ఆర్చెస్ పార్కులో గుడారం వేయాలి. ఈ కోరిక అసలు కూతురు ప్రెస్లీది. దానికి ఆరేళ్ళప్పుడు ఎదురింట్లోకి యూటా నుంచి ఒక కుటుంబం వచ్చి దిగింది. వాళ్ళ కారు నంబరు పలక మీద ఎర్రటి రాతి తోరణం బొమ్మ ఉండేది. పిల్ల రోజూ పోయి ఆ కారు వెనక గొంతుక్కూర్చుని ఆ బొమ్మనే చూసేది.

"నాన్నా, దీని కింద పడుకోనిస్తారా?" అని అడిగింది ఒకరోజు.

"దీని కింద పడుకోనివ్వరు గానీ, దగ్గర్లో గుడారం వేసుకోవచ్చు. వచ్చే అక్టోబరులో వెళ్దాం" అన్నాడు డ్వేన్.

ఆ వచ్చే అక్టోబరు రానేలేదు. మా దగ్గర అక్టోబరు వచ్చినా ఎండ ఒక పట్టాన వదలదు. ఒక ఏడు ఎవరికో పసిబిడ్డ ఉందన్నారు, ఇంకో ఏడు చర్చిలో పెళ్ళి ఉందన్నారు. మరో ఏడు సామాను ట్రక్కులోకి ఎక్కించేశాక వృద్ధాశ్రమం నుంచి ఫోన్ వచ్చింది. "రెండు గంటల్లో వచ్చేస్తా" అని వెళ్ళినవాడు చీకటి పడ్డాక వచ్చాడు. అప్పటికి పెరట్లో గుడారం వేసి ఉంది. పదకొండేళ్ళ ప్రెస్లీ, దాని తమ్ముడు ట్రేస్ అందులో నిద్రపోతున్నారు. గుడారం ముందు అట్టపెట్టెలు కత్తిరించి, ఎర్ర రంగు పూసి, ఒక తోరణం నిలబెట్టారు. డ్వేన్ ఆ పక్కనే గులకరాళ్ళ మీద చాలాసేపు కూర్చుని ఏడ్చాడు. ఆ సంగతి అతని భార్య రోండాకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ప్రెస్లీ ఎప్పుడూ యూటా మాట ఎత్తలేదు. అలిగి ఉంటే బుజ్జగించేవాడు. అది అలగలేదు, అడగడం మానేసింది, అంతే.

ఇప్పుడు దానికి పదిహేడు. ఈ అక్టోబరు ఒక్కటే మిగిలింది. పై అక్టోబరుకి అది ఏ కాలేజీలో, ఏ ఊళ్ళో ఉంటుందో ఎవరికి తెలుసు? అందుకని మార్చి నెలాఖరులో ఒక ఆదివారం డ్వేన్ వంటింటి బల్ల మీద రోడ్ల పటం పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు కాఫీ కప్పులు పెట్టాడు.

"ఫోన్‌లో చూసుకోవచ్చుగా" అన్నాడు ట్రేస్. వాడికి పద్నాలుగేళ్ళు, ఆకలి మాత్రం ముగ్గురిది.

"ఫోన్‌లో రోడ్డు కనబడుతుంది గానీ, ఎక్కడికి పోతున్నామో కనబడదు."

"సరే, అక్కడ సిగ్నల్ ఉంటుందా?"

"ఉండదు."

"ఒక్కచోట కూడానా?"

"సగం దారి మీ అమ్మ మొహం, నా మొహం చూసుకుంటూ కూర్చోవడమే."

"అయితే నన్ను అనాథాశ్రమంలో చేర్చేసి వెళ్ళండి" అన్నాడు ట్రేస్, రొట్టెకు వేరుశనగ వెన్న దట్టంగా పట్టిస్తూ.

"వాళ్ళేం పాపం చేశారురా? నీకు రొట్టెలు పెట్టలేక మూసేసుకుంటారు" అంది రోండా. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. రోజంతా మెత్తగా మాట్లాడి మాట్లాడి, మిగిలిన ఘాటంతా ఇంటికి తెస్తుంది.

డ్వేన్ వేలితో దారి చూపించాడు. ముందు జయాన్ పార్కు, తర్వాత బ్రైస్, ఆ తర్వాత కాపిటల్ రీఫ్. అక్కడి తోటల్లో అక్టోబరులో కూడా యాపిల్ పళ్ళు దొరుకుతాయట, మనమే కోసుకోవచ్చట. చివరికి ఆర్చెస్. మిగతా చోట్ల మోటెల్ అయినా పర్వాలేదు, ఆర్చెస్‌లో మాత్రం పార్కు లోపలే పడుకోవాలి. లోపల గుడారాలు వేసుకునే మైదానం ఒక్కటే. ఏ రాత్రికి కావాలంటే దానికి సరిగ్గా ఆరు నెలల ముందు కంప్యూటర్లో బుకింగ్ తెరుస్తారు, తెరవగానే జనం ఎగబడతారు.

అప్పుడే ప్రెస్లీ తను పనిచేసే ఐస్‌క్రీమ్ కొట్టు నుంచి వచ్చింది. ఏప్రాన్ విప్పి కుర్చీ మీద వేసి, పటం వంక కాసేపు చూసింది.

"బాగుంది. మీరు వెళ్ళిరండి. ఆ వారం నాకు పని ఉంది" అంది.

"అడిగితే సెలవివ్వరా?" అన్నాడు డ్వేన్.

"ఎందుకివ్వరు? తీసుకుని ఏం చెయ్యను నాన్నా, మళ్ళీ పెరట్లో పడుకోనా?"

ట్రేస్ నమలడం ఆపాడు. ప్రెస్లీ గొంతులో కోపం లేదు. రేపు ఎండ బాగా ఉంటుందని చెప్పినట్టు చెప్పి, తన గదిలోకి వెళ్ళిపోయింది. కోపంగా అని ఉంటే డ్వేన్‌కి అంత గుచ్చుకునేది కాదు.

"అది రాకపోతే?" అన్నాడు రోండాతో.

"మనం ముగ్గురం వెళ్దాం."

"ముగ్గురం వెళ్ళడానికేనా ఇదంతా?"

"ఆ మాట దానితో అను."

"నా మాట నమ్మదు."

"అయితే మాట్లాడకు" అంది రోండా, కప్పులు తీసేస్తూ. పటం దానంతటదే చుట్టుకుపోయింది.

డ్వేన్ మాట్లాడటం మానేసి పనిలో దిగాడు. తనతో పాటు ఏసీ పనులు చేసే బర్ట్ కిందటేడు పెళ్ళాంతో ఆర్చెస్ వెళ్ళొచ్చాడు. గుడారానికి చోటు ఎలా దొరికించుకున్నావని అతన్ని అడిగాడు.

"పొద్దున్న ఎనిమిదికి తెరుస్తారు. ఎనిమిదికి వేలు మౌస్ మీద ఉండాలి. ఎనిమిదీ ఒకటికి వెళ్ళావంటే మట్టి కూడా మిగలదు" అన్నాడు బర్ట్.

ఏప్రిల్‌లో ఆ రోజు రానే వచ్చింది. డ్వేన్ తెల్లారకుండానే లేచి, తల దువ్వుకుని, పెళ్ళిచూపులకు వెళ్తున్నవాడిలా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఏడున్నరకి ఫోన్ మోగింది. మిసెస్ ఒడెల్. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, ఒంటరిది. డ్వేన్ చెయ్యి అలవాటుగా ఫోన్ మీదికి పోయింది. సగం దూరంలో ఆగింది. అది మోగి మోగి ఆగేదాకా ఊపిరి బిగబట్టుకుని చూశాడు. తర్వాత బర్ట్‌కి మెసేజ్ పెట్టి ఆవిడ ఇంటికి వెళ్ళమన్నాడు. ఫోన్‌ని తీసుకెళ్ళి సోఫా దిండు కింద దాచాడు.

ఎనిమిది కాగానే నొక్కాడు. ఒక్క చోటు కూడా ఖాళీ లేదు. మళ్ళీ నొక్కాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. లేదంటే లేదు.

ఆ రోజు ప్రెస్లీకి మొదటి పీరియడు లేదు. భుజాన సంచి తగిలించుకుని బయల్దేరబోతూ తండ్రి మొహం చూసి ఆగింది.

"దొరకలేదా?"

"రెప్పపాటులో మొత్తం పోయాయి."

"ఎవరో ఫోన్ చేసి ఉంటారు. మాట్లాడుతూ కూర్చుని ఉంటావు."

"లేదు. ఎనిమిది ఎప్పుడవుతుందా అని కాచుక్కూర్చున్నా."

ప్రెస్లీ దగ్గరికొచ్చి తెర మీదికి వంగింది. "ఎనిమిదని ఎవరు చెప్పారు?"

"బర్ట్."

"అతను ఎప్పుడు చేశాడు?"

"కిందటేడు జనవరిలో."

అది సంచి కింద పెట్టింది. "నాన్నా, వీళ్ళు బుకింగ్ తెరిచేది తూర్పు రాష్ట్రాల వాళ్ళ గడియారం లెక్కన పదింటికి. వాళ్ళు మార్చిలో గడియారం గంట ముందుకి తిప్పుకున్నారు. మనం తిప్పుకోలేదు. జనవరిలో మనకి ఎనిమిది, ఇప్పుడు ఏడు."

అరిజోనాలో మేము గడియారం జోలికి పోము. దేశమంతా ఏడాదికి రెండుసార్లు ముల్లు అటూ ఇటూ తిప్పుకుంటూ నిద్ర పాడుచేసుకుంటుంటే, చూసి నవ్వుకోవడం మాకు అలవాటు. డ్వేన్ ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, యాభైకి దగ్గరపడ్డాడు. ఒక్కసారి కూడా ముల్లు తిప్పి ఎరగడు. ఆ గొప్పే ఇప్పుడు కొంప ముంచింది. గంట ముందే అయిపోయిన విందుకి తల దువ్వుకుని మరీ వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే దిండు కింద ఫోన్ మోగింది. ఇద్దరూ అటు చూశారు.

"అది నీ ఫోనేనా?" అంది ప్రెస్లీ.

"ఆఁ."

"దిండు కింద ఎందుకుంది?"

"ఎదురుగా ఉంటే ఎత్తేస్తానని."

"ఎవరు?"

"మిసెస్ ఒడెల్ అయ్యుంటుంది. ఇందాకటి నుంచీ చేస్తోంది. బర్ట్‌ని పంపించా."

"మిసెస్ ఒడెల్ ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదా?" ప్రెస్లీ తండ్రి మొహంలోకి పరీక్షగా చూసింది. "బల్బు మార్చడానికి కూడా నిన్నే పిలుస్తుందిగా ఆవిడ?"

"బర్ట్ కూడా ఒకటి మార్చనీ, చేతులు అరిగిపోవులే."

ప్రెస్లీకి నవ్వొచ్చింది, వెంటనే ఆపుకుంది. సంచి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి, "రేపటి నుంచి ఏడింటికి ప్రయత్నించు" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా అతను ఏడింటికి ప్రయత్నించాడు. లాభం లేకపోయింది. మొదటిరోజు సమయానికి వచ్చినవాళ్ళు తర్వాతి రోజులు కూడా కలిపి పట్టేసుకున్నారు. చివరికి పార్కు బయట, మోఆబ్ ఊళ్ళో ఒక మోటెల్ చూశారు. ఈతకొలను ఉందని తెలిసి ట్రేస్ అనాథాశ్రమం ఆలోచన మానుకున్నాడు. ప్రెస్లీ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. అడగాలని డ్వేన్‌కి రోజూ నోటిదాకా వచ్చేది. రోండా మాట గుర్తొచ్చి మింగేసేవాడు. మోటెల్‌లో గది మాట్లాడినంత మాత్రాన పదకొండేళ్ళ పిల్లకి చేసిన బాకీ తీరదని అతనికి తెలుసు.

జూలై వచ్చింది. మిట్టమధ్యాహ్నం డ్వేన్ ఒక ఇంటి కప్పు మీద ఫ్యాన్ మోటారు విప్పుతున్నాడు. పానాను చేత్తో పట్టుకోలేక గుడ్డ చుట్టి పట్టుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది. ఇంకెవరికో చల్లగాలి కావాలి కాబోలనుకుంటూ తీశాడు. ప్రెస్లీ.

"నాన్నా, ఎక్కడున్నావు?"

"ఇంకెక్కడుంటా, కప్పు మీద."

"ఆర్చెస్‌లో ఎవరో బుకింగ్ మానుకున్నారు. మన వారంలోనే, బుధవారం రాత్రికి. ఆ చోటు పట్టుకుని ఉంచా, వెబ్‌సైట్ కాసేపే ఆపుతుంది. ట్రక్కు పొడవు అడుగుతోంది, తొందరగా చెప్పు."

"నీకెలా కనబడింది?"

"ఏప్రిల్ నుంచీ చూస్తూనే ఉన్నాగా. కొట్లో గిరాకీ లేనప్పుడల్లా అదే పని. పొడవు చెప్పు నాన్నా."

డ్వేన్ ఏసీ పెట్టె నీడలోకి జరిగి కూర్చున్నాడు. పొడవు చెప్పాడు.

"గుడారాలెన్ని?"

"పెద్దది ఒకటుందిగా."

"ఒకటి చాలదు. ట్రేస్ పక్కన నేను పడుకోను. వాడి సాక్సుల కంపుకి ఆ తోరణం కూలుతుంది. రెండని పెడుతున్నా."

డ్వేన్ పానా కింద పెట్టి, ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"మనుషులెంతమంది అని అడుగుతోంది" అంది ప్రెస్లీ.

"నలుగురా?" అన్నాడు మెల్లగా.

"నన్నడుగుతావేంటి? అమ్మ వస్తుంది. ట్రేస్‌ని ఈడ్చుకొస్తాం. నేను సెలవు పెట్టేశా." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు వస్తావా నాన్నా?"

ఇన్నాళ్ళూ అది వస్తుందో రాదో అని అతను లోలోపల కుమిలిపోయాడు. అవతల ఆ పిల్ల ఆరేళ్ళ నాటి నుంచీ ఇదే ప్రశ్న పట్టుకుని కూర్చుందని ఇప్పుడు అర్థమైంది. ఇంతలో ఫోన్‌లో ఇంకో కాల్ బీప్‌మంటూ అడ్డొచ్చింది. మిసెస్ ఒడెల్ పేరు కనిపించింది.

"వస్తా. నలుగురని కొట్టు" అన్నాడు డ్వేన్.

"బీప్ వినబడుతోంది, ఎవరో చేస్తున్నారు నీకు."

"వినబడనీ. ముందు నువ్వు కొట్టు."

"కొట్టేశా" అంది ప్రెస్లీ.