బుట్టలో కలపని విత్తనాలు

అక్విలీనా నలభై ఏళ్లుగా ఆశీర్వాదం లేని విత్తనాన్ని మడిలో చల్లి ఎరుగదు. మే నెలలో, రైతుల పునీతుడైన సాన్ ఇసిద్రో పండుగనాడు, మా ఊరి రైతులందరూ విత్తనాల చేటలతో చర్చికి వస్తారు. ఫాదర్ పవిత్రజలం చల్లిన తరువాత ఇంటికొక పిడికెడు వడ్లు పునీతుని ముందున్న పెద్దబుట్టలో పోసి, కలిసిన వాటిలోనుంచి ఒక పిడికెడు తీసుకుపోయి తమ విత్తనంలో కలుపుకుంటారు. ఆ బుట్టను అల్లినదీ, ఏటేటా దానికి పూలు కట్టేదీ అక్విలీనాయే.

ఆ ఏడు ఆమె చేటలోని వడ్లు చూపుకు అందరివంటివే. పొట్టు తీస్తే మాత్రం గింజ పసుపుపచ్చగా ఉంటుంది. కంటికి కావలసిన పోషకం బియ్యంలోనే తయారయ్యేటట్లు శాస్త్రజ్ఞులు ఆ వరి జన్యువులను మార్చారు. అక్విలీనా మనవరాలు నేలియాకు రేచీకటి. సంజవేళ వాకిట్లో పీటను కూడా తన్నుకొని పడేది. ఆరోగ్యకేంద్రంలో వేసిన విటమిన్ చుక్కలతో కొంత నయమైంది గాని, తినే అన్నమే మందైతే ఆ చీకటి మళ్లీ రాదని ముసలామె ఆశ.

దేవుడు చేసిన గింజను మనిషి దిద్దడమేమిటని పొరుగుచేను గౌదెన్సియో పండుగ ముందురోజు వచ్చి నిలదీశాడు.

"మన ఊళ్లో మునగాకుకి కరువొచ్చిందా, మానాంగ్?" అన్నాడు, అక్కను పిలిచే పిలుపుతో.

"రోజూ వండుతూనే ఉన్నా. నువ్వొచ్చి నేలియాతో మింగించు, చూద్దాం. నిన్న నా మీదే ఉమ్మింది."

అతడు నవ్వాడు గాని మెత్తబడలేదు. ఆమె నేరుగా ఫాదర్ ఎమెతేరియో వద్దకు వెళ్లింది. ఈ విషయంలో చర్చి పెద్దలు తలొకమాట చెబుతున్నారనీ, రోగం మాన్పడం దేవుని పనిలో పాలుపంచుకోవడమేనని తన నమ్మకమనీ, విత్తనం కొద్ది కంపెనీల గుప్పిట్లో చిక్కుకుంటుందేమోనన్నదే తన భయమనీ ఆయన చెప్పాడు. వచ్చే ఏటికి తన విత్తనం తానే దాచుకోవచ్చని ఆమె అన్నది. ఆయన తలూపి ఇంకొకటి అడిగాడు.

"మరి బుట్టలో కలిపితే, వద్దన్నవాళ్ల మడిలోకీ పోతుంది కదమ్మా. వాళ్లనడిగావా?"

ఆమె అడగలేదు. తాను అల్లిన బుట్ట గురించి ఆ ఆలోచనే ఆమెకు రాలేదు.

పండుగనాడు అక్విలీనా బుట్టకు పూలు కట్టి, అందులో ఏమీ పోయకుండా, ఏమీ తీయకుండా, తన చేటతో చివరి బల్లమీద కూర్చుంది. పీఠం ముందరి చేటలన్నీ అయ్యాక ఫాదర్ ఆ చివరిదాకా నడిచి వచ్చాడు.

"ప్రభూ, ఈ గింజను మార్చిన చేతులకు వినయమివ్వు. తినే బిడ్డకు చూపునివ్వు" అని నీళ్లు చల్లాడు.

గుమ్మం దగ్గర గౌదెన్సియో ఆమె చేతిలో అరిటాకు పొట్లం పెట్టాడు. బుట్టలోని పిడికెడు.

"దాన్లో కలపకు. పెరట్లో వేరే చల్లుకో. నువ్వు ఉత్తచేతుల్తో పోతే నాకు బాగోదు."

"కోతలయ్యాక అన్నం పంపిస్తా, తింటావా?"

"తినను. పిల్లతో పంపు. సంజవేళ పంపు."

కోతలైన నెలకు, వెలుగు సన్నగిల్లే వేళ, నేలియా పొలంగట్టు మీదుగా పసుపుపచ్చని అన్నం గిన్నె తీసుకొని, ఎక్కడా తడబడకుండా వెళ్లింది. అది చుక్కల గుణమో, అన్నం గుణమో నేను చెప్పలేను. గట్టు చివర నిలబడి చూస్తున్న గౌదెన్సియో చేయి అందించబోయి, అవసరం లేక, వెనక్కు తీసుకున్నాడు.

అతడు తిన్నాడో లేదో అక్విలీనా అడగలేదు. గిన్నె మాత్రం కడిగి, నిండా మునగాకు వేసి పంపాడు.