వెనక్కి తిప్పిన ఏర్‌కాన్

మా అత్తగారిని చలి నుంచి కాపాడబోయి నేను చేసిన ఘనకార్యం చెబుతాను, వినండి. కడుపారా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మలేసియాలో మా బాగన్ దాతుక్ వైపు వచ్చినప్పుడు మాత్రం ఈ సంగతి ఎత్తకండి. అక్కడ నేను పేరున్న ఏర్‌కాన్, అంటే మీ ఏసీ, మెకానిక్‌ని.

అప్పటికి నా పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో అత్తగారి నోట నా గురించి ఒక్క మంచి మాట రాలేదు. సుంగై సుమున్‌లో ఆవిడ ఇంట్లో ఫ్యాను బాగుచేస్తే "సప్పుడొస్తంది" అంది. ఏర్‌కాన్ బిగిస్తే "కరెంటు తింటంది" అంది. ఈసారి ఎలాగైనా మెప్పు కొట్టెయ్యాలని ఓ స్నేహితుడి మోటర్‌హోమ్, అంటే మంచాలూ పొయ్యీ ఉన్న పాత వ్యాను, అడిగి తెచ్చి, మా ఆవిడతో పాటు ఆవిణ్ణి చల్లటి కామెరన్ కొండలకి తీసుకెళ్ళాను.

కొండెక్కేసరికి మధ్యాహ్నం మూడు. వాన, దానికి తోడు పొగమంచు. జన్మంతా కొబ్బరి తోటల్లో చెమటోడ్చిన మనిషి, కొత్త ఎర్ర స్వెటర్ తొడుక్కుని, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని ముడుచుకు కూచుంది.

"అబ్బబ్బ, ఏటి సలి! పళ్ళు కొట్టుకుంటన్నాయి లా!" అంది. మాట చివర "లా" తగిలించడం మా మలేసియా అలవాటు.

ఇంకేముంది, ఊరెళ్ళగానే "అల్లుడు సలిలో ఎట్టి సంపేసినాడు" అని వీధంతా చాటుతుంది. హీటర్ కోసం వ్యానంతా వెతికాను. మలేసియాలో వ్యానుకి హీటర్ ఎవడు పెడతాడండీ! ఉన్నదల్లా వెనక కిటికీలో బిగించిన ఏర్‌కాన్ పెట్టె ఒక్కటే.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఏర్‌కాన్ ముందు నుంచి చల్లగాలి వస్తే, వెనక నుంచి వేడిగాలి వస్తుంది. పదేళ్ళుగా ఆ వేడిగాలి మొహాన కొట్టించుకుంటున్నవాణ్ణి. దాన్ని తిప్పి పెడితే?

"ఏటండీ, ఆ మరలెందుకు ఇప్పుతన్నారు?" అంది మా ఆవిడ కమల.

"హీటర్ సేస్తన్నాను."

"అది ఏర్‌కాన్ కదండీ!"

"మెకానిక్ నువ్వా, నేనా?"

కరెంటు తీసేసి, మరలు విప్పి, ఆపసోపాలు పడుతూ పెట్టెని తిప్పి బిగించాను. మూతి బయటికి, వీపు లోపలికి. తీరా నొక్కబోతే బొత్తాలు లేవు. అవి మూతి మీద ఉంటాయి మరి! అంటే వానలో.

గొడుగు పట్టుకుని బయటికెళ్ళాను. తమాషా చూడండి, లోపల బాగా వేడెక్కాలంటే బయట అన్నిటికన్నా చల్లని నంబరు నొక్కాలి. నొక్కాను. ఆ చల్లగాలి తిన్నగా నా ఛాతీకి తగిలింది.

"వస్తందా?" అని అరిచాను.

"వస్తంది!" అంది కమల లోపల్నించి. కాసేపటికి, "బాగా వస్తంది!" మరి కాసేపటికి, "ఇంక ఆపండీ, పెట్టెలోంచి పరుపు మీద నీళ్ళు కారతన్నాయి!"

గెలిచినవాడికి ఇలాంటివి వినబడతాయా? వాన వెలిశాక, మెప్పు అందుకోడానికి గజగజ వణుకుతూ లోపలికెళ్ళాను. వ్యానులో సాక్షాత్తూ సుంగై సుమున్ మిట్టమధ్యాహ్నం! అత్తగారు స్వెటర్ విప్పి దాంతోనే విసురుకుంటోంది.

"ఎలాగుంది అత్తా?"

"ఏటి బాబూ ఇది? అరవై ఏళ్ళు ఎండలో సచ్చినాను. ఒక్కపాలి సలేస్తే ఎలాగుంటదో సూద్దామని వచ్చినాను. సలి సలి అని మురిసిపోతంటే, మల్లీ మన ఎండే తెచ్చి ఎట్టినావేటి?"

నీకు చలి బాధగా ఉందా, బాగుందా అని ఒక్క మాట అడగాలని తోచలేదు చూశారా, సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ స్వెటర్ పట్టుకుని విసవిసా బయటికి వెళ్ళిపోయింది. ఈ జన్మకి నాకు మెప్పు లేదని తేలిపోయింది.

రెండు నిమిషాల్లో బయట్నించి కేక. "అల్లుడూ! ఇలాగ రా!"

బిక్కుబిక్కుమంటూ వెళ్ళాను. ఆవిడ ఏర్‌కాన్ మూతి ఎదుటే కుర్చీ వేసుకుని, స్వెటర్‌కి మెడదాకా గుండీలు పెట్టుకుని, పళ్ళు టకటకలాడుతుంటే చిన్నపిల్లలా నవ్వుతోంది.

"లోపల ఏడి నా కూతురికి, బయట సలి నాకు! ఒక్క పెట్టెతోటి ఇద్దరికీ సేసినావు. ఇదీ పనంటే లా! నీలాటి అల్లుడు మలేసియాలో ఎవులికీ లేడు!"

నాలుగేళ్ళ ఎదురుచూపు! నా ఒళ్ళు పులకరించింది. కమల కిటికీలోంచి చెమట తుడుచుకుంటూ నా వంకే చూస్తోంది, ఏం చెబుతానా అని.

"అవునత్తా," అన్నాను వినయంగా. "ముందునించీ అదే నా ప్లాను."

కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ అత్తగారినీ అడక్కుండా చలి నుంచి కాపాడను. మెప్పొస్తే మాత్రం, ఎందుకొచ్చిందని ఆరా తియ్యను.