పసుపు రాసిన పళ్ళచక్రాలు

నిన్న పడవలో రాజమండ్రి వెళ్తుంటే లాకు దగ్గర ఆగాం. కాళ్ళు సాగుతాయని గట్టు మీదకి దిగాను. లాకు మనిషి పిడి పట్టుకుని తిప్పగానే చుట్లు కోసిన మరకడ్డీ నున్నగా తిరిగి తూము తలుపు లేచింది. "ఈ మర ఎవరు కోశారో గానీండి, ఇన్నేళ్ళలో ఒక్కసారి బిగుసుకోలేదు" అన్నాడు. ఎవరు కోశారో నాకు తెలుసు. మా తోడల్లుడు. కార్ఖానాలో నా చేతుల మీదుగా అలాంటి కడ్డీలు ఎన్నో పోయాయి. మెచ్చుకోవడానికి ఈయనకి మా తోడల్లుడు కోసిన ఆ ఒక్కటే దొరికింది. ఈ వయసులోనూ నాకు కడుపు మండింది.

ఆ మంట కొత్తది కాదు. ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. ధవళేశ్వరంలో మామగారింట్లో ఒకే వరసలో భోజనానికి కూర్చుంటే నెయ్యి గిన్నె ముందు ఆయన విస్తరి దగ్గరికే వెళ్ళేది. నా దగ్గరికి వచ్చేసరికి అత్తగారి చేతికి పొదుపు గుర్తొచ్చేది. అన్నం కలపడం కూడా అందంగా కలిపేవాడు, పాడుమనిషి. మామగారు కాలవపనుల కార్ఖానాలో పెద్దకమ్మరి, మేమిద్దరం ఆయన కింద పనివాళ్ళం. ఆ రోజుల్లో దొరల సీమ నుంచి కడ్డీల మీద మరలు కోసే లేతు మిషను ఒకటి వచ్చింది. దానికి ఒక్క మనిషే కావాలి. లాకు కడ్డీకి మొదటి మర తప్పు లేకుండా కోస్తే మిషను పెద్దల్లుడిదే, లేకపోతే చిన్నల్లుడిదని కార్ఖానా దొర మామగారితో చెప్పాడు. ఇక్కడా నెయ్యి గిన్నె వరసేనా అని ఉడికిపోయాను.

ఆయన మిషను సిద్ధం చేస్తుంటే దూరంగా నిలబడి చూశాను. కడ్డీని రెండు మొనల మధ్య బిగించాడు. మర కోసే ఉలి సరిగ్గా ఆ మొనల ఎత్తుకి వచ్చేదాకా దాని కింద రేకుముక్కలు పెట్టాడు. ఇక పక్కన పైన ఒకటి, కింద ఒకటి పళ్ళచక్రాలు. పైది కడ్డీని తిప్పే ఇరుసుకి, కిందది ఉలిని జరిపే పొడుగాటి మరకడ్డీకి. ఆ పళ్ళ లెక్కని బట్టే మరచుట్లు దగ్గరగానో ఎడంగానో పడతాయని నాకు తరవాతే తెలిసింది. ఆయన చిన్నదాన్ని పైన, పెద్దదాన్ని కింద బిగించాడు.

మర్నాడు విజయదశమి. పూజకని మామగారు చక్రాలు విప్పించారు. పసుపు రాసి బొట్లు పెట్టింది నేనే. పూజయ్యాక మామగారు స్వయంగా బిగిస్తూ, "పెద్దది కిందా, చిన్నది పైనా ఏంటండీ, మర్యాద లేకుండా!" అని పెద్దదాన్ని పైన పెట్టారు. ఆ మిషను సంగతి మా ఇద్దరికీ తెలియదు. తెలిసినాయన బయట కొబ్బరిముక్కలు పంచుతున్నాడు.

పండగ వెళ్ళాక దొర వచ్చి నిలబడ్డాడు. మా తోడల్లుడు ముందు వెంట్రుకంత గీత మాత్రం పడనిచ్చి, పాత కడ్డీ పక్కన పెట్టి చూశాడు. చుట్లు మరీ ఎడంగా పడ్డాయి. ఆయన చక్రాల మీది పసుపు చూశాడు, మామగారి మొహం చూశాడు. "ఎవరు బిగించారు?" అని దొర అరిచాడు.

"నేనేనండి. తిరగేసి పెట్టేశానండి" అన్నాడు మా తోడల్లుడు.

చక్రాలు మార్చి ఆ కడ్డీ ఆయనే పూర్తి చేశాడు. మిషను మాత్రం నాదైంది. నాకు సంతోషం కలగాలి కదా! ఆ పూట భోజనాల దగ్గర మామగారు నెయ్యి గిన్నె అత్తగారి చేతిలోంచి తీసుకుని ఆయన విస్తరిలో తానే ఒంపారు. అంత చక్కటి అబద్ధం కూడా ఆయనకే తట్టాలా అని కుళ్ళిపోయాను. చేతులు కడుక్కునేటప్పుడు ఉండబట్టలేక, "మీకెందుకొచ్చిన గొడవ అన్నయ్యగారూ, మిషను పోయిందిగా" అన్నాను.

"పోనిద్దూ, నీ చేతిలోనేగా ఉంది. బాగా కొయ్యి, చూస్తుంటాను."

చూశాడు కూడా. నేను ఏ కడ్డీ కోసినా వచ్చి, చుట్లని వేలితో తడిమి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు. ఆయన నోట బాగుందనిపించుకోవాలని పంతం పట్టి కోశాను. పోయిన వేసవిలో ఆయన పోయాడు. నిన్న మళ్ళీ పడవెక్కే ముందు లాకు దగ్గర ఆ మరని నేనూ వేలితో తడిమి చూశాను. ఇంతకంటే బాగా కోయడం నేర్చుకునేంత కాలం నాకు దొరికింది, కోసింది చూపించుకుందామంటే ఆ కాలం ఆయన్ని ఉంచలేదు.